తిమింగల సొర ఎవరి సొత్తు?

సముద్రంలో నివసించే చేపలన్నింటిలోకెల్లా పెద్ద చేపను వేల్ షార్క్ అంటారు. తెలుగులో తిమింగల సొర అనవచ్చు. పేరులో తిమింగలం ఉన్నా అది తిమింగలం కాదు. మొప్పలతో శ్వాసించే నికార్సయిన చేప. 12 మీటర్ల పొడవు పెరగటం దానికి మామూలే. అంతకంటే ఎంతో పెద్దవి కూడా కనిపించాయి. ఇంత దేహానికి ఆహారం ఏమిటో తెలుసా? నీటిలో తేలియాడే నలుసుల్లాంటి సూక్ష్మజీవులు, చేపగుడ్లు, పొడి రొయ్యలు. నోట్లో వేలాది పళ్ళున్నాయి గాని ఒక్కొక్కటీ కొన్ని మిల్లీమీటర్లే. వాటితో అది దేన్నీ కొరకదు. నోరు తెరిచి నీటిని లోనికి తీసుకుంటుంది, జల్లెడ పట్టినట్లు వడగట్టుకుంటుంది, మిగిలిన నీటిని మొప్పల గుండా వదిలేస్తుంది. దాని పక్కనే ఈదుతున్న మనిషికి అది ఏ హానీ తలపెట్టదు.

దాని వీపు నిండా తెల్లని చుక్కలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఒక చేప చుక్కల అమరిక మరొక చేపకు ఉండదు. ఈ చుక్కలను బట్టి ఒక్కొక్క చేపను గుర్తుపట్టే పద్ధతిని శాస్త్రజ్ఞులు 2005లో ప్రకటించారు. ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందనేది ఆసక్తికరమైన విషయం. ఆకాశపు ఛాయాచిత్రాలలోని నక్షత్రాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసేందుకు 1986లో ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు తయారుచేసిన లెక్క అది. ఆకాశాన్ని చదివే లెక్కతోనే సముద్రంలోని చేప వీపునూ చదవగలిగారు! రెండింటి సృష్టికర్త ఒక్కడేనని నమ్మే మనకు ఇందులో ఆశ్చర్యం ఉండవచ్చు గాని అపనమ్మకం ఉండదు. తూర్పు ఆఫ్రికాలోని కెన్యా తీరంలో ఈ చేపను 'పాపా షిల్లింగి' అంటారు. దేవుడు దాన్ని చూసి ఎంతో సంతోషించాడనీ, దైవదూతలు దాని వీపు మీద వెండి నాణేలు వెదజల్లారనీ అక్కడివారు చెప్పుకుంటారు. ఇది జానపదుల ముచ్చట మాత్రమే. దీన్ని ధర్మంలో ఆధారంగా ఎవరూ తీసుకోకూడదు. అయినా ఆ ముచ్చటలో ఒక ప్రేమ ఉంది.

ఈ చేప గురించి మనిషికి తెలిసింది ఎంత? 1995లో తైవాన్‌లో పట్టుబడిన ఒక ఆడ చేప గర్భంలో సుమారు 300 పిల్లలున్నాయి. కాని అది సముద్రంలో ఎక్కడికి వెళ్ళి ప్రసవిస్తుందో నేటికీ నిర్ధారణ కాలేదు. 1,900 మీటర్ల కంటే లోతుకు, సూర్యకాంతి చేరని చల్లని నీటిలోకి అది దిగుతుందని దానికి తగిలించిన పరికరాలు చెప్పాయి. అక్కడ ఏం చేస్తుందో చూసినవారు లేరు. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత తనదేననీ, అది ఉండే చోటూ దాన్ని ఉంచబడే చోటూ తనకు తెలుసనీ అల్లాహ్ (హూద్: 6) ఆయతులో సెలవిచ్చాడు. ఉపగ్రహాల కాలంలో కూడా, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప పుట్టే చోటు ఆయన జ్ఞానంలోనే భద్రంగా ఉంది.

ఇక అసలు విషయానికి వద్దాం. మన దేశానికి నైరుతి దిక్కున ఉన్న మాల్దీవులు ముస్లిం దేశం. అక్కడి వారు ఈ చేపను ఫెహురిహి అంటారు. పూర్వం ఏటా కొన్నింటిని వేటాడి, కాలేయం నుంచి తీసిన నూనెను ధోనీల చెక్కకు పూసేవారు. నీరు ఇంకకుండా, చెక్క చివకకుండా ఉండటానికి అది పనికొచ్చేది. 1995లో మాల్దీవుల ప్రభుత్వం ఈ వేటను నిషేధించింది. 2009లో దక్షిణ అరి అటాల్ అంచున సుమారు 42 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 2010లో సొరచేపలన్నింటి వేటనూ దేశమంతటా ఆపివేసింది. దక్షిణ అరి ప్రత్యేకత ఏమిటంటే అక్కడ తిమింగల సొరలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. వాటిలో అధికభాగం ఇంకా ఈడుకు రాని మగ చేపలే. వాటితో పాటు ఈదటానికి ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. ఇలా వచ్చినవారు 2012లో సుమారు 76 లక్షల డాలర్లు, 2013లో 94 లక్షల డాలర్లు ఖర్చు చేశారని పరిశోధకులు లెక్కగట్టారు. దీన్నే ఎకో టూరిజం అంటున్నారు. చచ్చిన చేప ఒక్కసారే డబ్బిస్తుంది, బ్రతికున్న చేప ఏటేటా ఇస్తుంది. ఇదీ ఆ విధానం వెనుకనున్న వాదన.

వాదన బాగానే ఉంది. కాని ఒక విశ్వాసి దీన్ని విన్నప్పుడు కొంచెం ఆగి ఆలోచించవలసి ఉంటుంది. ఆ చేప బ్రతకటానికి అర్హత దానికి డాలర్లు రాబట్టే శక్తి ఉండటం వల్ల వచ్చిందా? డాలర్లు ఆగిపోతే ఆ అర్హత కూడా పోతుందా? 2020 మార్చి చివరి నుంచి జూలై మధ్య వరకు కరోనా కారణంగా మాల్దీవులు పర్యాటకులకు తలుపులు మూసుకుంది. ఆ మూడున్నర నెలల్లో ఒక్క డాలరూ తేని ఆ చేపలు, ఈ లెక్క ప్రకారం, ఎందుకు పనికొచ్చేవి అయ్యాయి?

ఇక్కడ మనలో కొందరు వెంటనే ఒక మాట అంటారు. భూమిలో ఉన్నదంతా అల్లాహ్ మనిషి కోసమే సృష్టించాడు గదా (అల్ బఖర: 29), సముద్రాన్ని మనకు వశపరిచాడు గదా (అన్నహ్ల్: 14), మరి ఈ చర్చ దేనికి? ఈ మాటకు మూలం ఒక పదాన్ని మనం అర్థం చేసుకున్న తీరులో ఉంది. ఖుర్ఆన్‌లోని పదం 'తస్ఖీర్'. ఉర్దూలో ఇదే పదానికి జయించటం, గెలుచుకోవటం అనే అర్థం స్థిరపడింది. 'తస్ఖీరె కాయెనాత్' అంటే మనిషి విశ్వాన్ని జయించటమని ఉర్దూ వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో విరివిగా వాడుతుంటారు. కాని దివ్యఖుర్ఆన్‌లో ఈ క్రియకు కర్త ఎవరో గమనించండి. ఎక్కడా మనిషి కాదు, అన్ని చోట్లా అల్లాహ్‌యే. ఆయన వశపరిచాడు, మనకు ప్రయోజనం కలిగించాడు. మనం గెలుచుకున్నది ఏమీ లేదు. అప్పగించబడిన వస్తువుకూ, గెలుచుకున్న వస్తువుకూ భూమ్యాకాశాల తేడా ఉంది. గెలుచుకున్నది మిల్కియత్ అవుతుంది, అప్పగించబడినది అమానతు అవుతుంది. అమానతు విషయంలో లెక్క అడగబడుతుంది.

పైగా ఆ ప్రాణులు మన అవసరాల కోసం మాత్రమే ఉన్న సామాను కావు. భూమిపై తిరిగే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు, ఇవన్నీ మనవంటి సముదాయాలేనని అల్లాహ్ తెలిపాడు (అల్ అన్ఆమ్: 38). ప్రతి వస్తువూ ఆయన పవిత్రతను కొనియాడుతుందనీ, మనకే ఆ స్తోత్రం అర్థం కాదనీ చెప్పాడు (బనీ ఇస్రాయీల్: 44). వెనుకటి ప్రవక్తలలో ఒకరిని చీమ కుట్టింది. ఆయన చీమల పుట్టనే కాల్పించారు. కుట్టింది ఒక చీమ, తనను స్తుతించే ఒక సముదాయాన్నే కాల్పించావేమని అల్లాహ్ ఆయనను మందలించాడని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. చీమ ఏ పర్యాటకునికీ అక్కరకు రాదు. అయినా దాని తరఫున ఒక ప్రవక్తనే ప్రశ్నించడం జరిగింది.

మరొక శంక కూడా తీర్చుకుందాం. సముద్రపు వేటను అల్లాహ్ హలాల్ చేశాడు (అల్ మాయిద: 96). హనఫీ ఫిఖహ్‌లో సముద్ర జీవులలో చేప మాత్రమే హలాల్. తిమింగల సొర చేపే గనుక మూలంలో అది హలాలే. మరి ప్రభుత్వం వేటను నిషేధిస్తే హలాల్‌ను హరాం చేసినట్లు కాదా అని కొందరు అమాయకంగా, కొందరు ఆవేశంగా అడుగుతుంటారు. కాదు. హలాల్ అంటే అనుమతి, ఆజ్ఞ కాదు. ప్రజల విషయంలో పాలకుని చర్య వారి మేలుతో ముడిపడి ఉండాలన్నది ఫుఖహాల దగ్గర ప్రసిద్ధ సూత్రం. మేలు కోసం ఒక ముబాహ్ పనికి హద్దు పెట్టే అధికారం పాలకునికి ఉంది. ఆ చేప మాంసం ధార్మికంగా హరాం అని ఎవరూ అనలేదు, ఇప్పుడు దాన్ని చంపవద్దు అన్నారు, అంతే. ఈ జాతి అంతరించే ప్రమాదంలో ఉందని 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ప్రకటించింది కూడా.

హలాల్ ఎక్కడ ఉందో, హద్దు ఎక్కడ ఉందో తెలియాలంటే ఖబత్ సైన్యం సంఘటన చూడాలి. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో 300 మంది సహాబాలు తీరానికి వెళ్ళారు. ఆహారం అయిపోయింది. మనిషికి రోజుకొక ఖర్జూరం, తర్వాత అదీ లేక చెట్ల ఆకులు రాల్చి తిన్నారు. అప్పుడు సముద్రం ఒక బ్రహ్మాండమైన చేపను ఒడ్డుకు తెచ్చి పడేసింది. అంబర్ అని దాని పేరు. దాని కనుగుంటలో 13 మంది కూర్చున్నారు. దాని ప్రక్కటెముక నిలబెడితే మనిషితో సహా ఒంటె దాని క్రింద నుంచి నడిచిపోయింది. పక్షం రోజులకు పైగా వారు దాన్ని తిన్నారు. మదీనాకు తిరిగి వచ్చి చెబితే దైవప్రవక్త ముహమ్మద్ (స) అది అల్లాహ్ మీ కోసం వెలికితీసిన ఉపాధి అని చెప్పి, మిగిలి ఉంటే తమకూ పెట్టమన్నారు. ఆకలిగొన్న వారికి సముద్రపు మహాప్రాణి అన్నమైంది. ఇందులో తప్పేమీ లేదు. అవసరం నిజమైనది, వృథా లేదు.

దీని పక్కన నసాయీలోని పిచ్చుక హదీసును పెట్టి చూడండి. పిచ్చుకనైనా దానికంటే పెద్ద ప్రాణినైనా హక్కు లేకుండా చంపినవాణ్ణి అల్లాహ్ ప్రశ్నిస్తాడని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆ హక్కు ఏమిటని అడిగితే, జిబహ్ చేసి తినటం, అంతేగాని తల తెంపి పారేయటం కాదన్నారు. సూప్ కోసం రెక్కలు మాత్రం కోసుకుని మిగతా దేహాన్ని సముద్రంలో విసిరేసే సొరచేపల వ్యాపారం ప్రపంచంలో ఎంతో కాలంగా సాగుతున్నదే. దాన్ని ఈ హదీసు ముందు నిలబెట్టండి.

ఇప్పుడు డబ్బు సంగతి. లాభం కోసం ప్రాణిని కాపాడటం స్వతహాగా దోషం కాదు. పాల కోసం గేదెకు మేత వేసేవాడు పాపం చేయటం లేదు. షరీఅత్ దాన్ని తప్పు పట్టదు. అసలు పరీక్ష మన లాభమూ, ప్రాణి హక్కూ వేరు దారులు పట్టినప్పుడు వస్తుంది. ఒక అన్సారీ తోటలో ఒంటె ఒకటి దైవప్రవక్త (స)ను చూసి కన్నీరు కార్చింది. ఆయన దాన్ని నిమిరి, యజమానిని పిలిపించి, అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ ప్రాణి విషయంలో నీకు దైవభీతి లేదా, నువ్వు దీన్ని ఆకలితో మాడుస్తున్నావనీ అలసిపోయేలా పని చేయిస్తున్నావనీ ఇది ఫిర్యాదు చేస్తోంది అని నిలదీశారు (అబూ దావూద్). ఆ ఒంటె యజమాని దాన్ని చంపలేదు. అతనికి అది బ్రతికే ఉండాలి. బ్రతికి ఉంచటమే చాలదని ఈ హదీసు మనకు నేర్పుతోంది.

తిమింగల సొర కూడా ఇప్పుడు మనిషికి జీతం లేని కూలీ అయింది. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్ అనే చోట 2011 నుంచి పడవల్లో కూర్చుని దానికి రోజూ ఉదయం చిన్న రొయ్యలు తినిపిస్తున్నారు, పర్యాటకులకు తప్పక కనిపించాలని. వేల కిలోమీటర్లు తిరగవలసిన ప్రాణి పడవ చుట్టూ తిరగటానికి అలవాటు పడింది. పడవలకు రాసుకుని దాని చర్మం గీరుకుపోతోంది. దక్షిణ అరిలో ఇలా మేత వేయరు, అది మెచ్చదగిన విషయం. కాని అక్కడ చేప ఒకటి, పడవలు అనేకం. ఫలానా చోట కనబడిందనగానే నాలుగు దిక్కుల నుంచీ మోటారు పడవలు పరుగెత్తుకొస్తాయి. అక్కడి చేపలలో చాలావాటి ఒంటి మీద పడవ ప్రొపెల్లర్లు కోసిన గాయాలున్నాయి. వాటిని చూసేందుకు వచ్చినవారి పడవలు కూడా ఆ గాయాలకు బాధ్యులే గదా! మహాసముద్రాలలో పెద్ద ఓడలు ఢీకొని చనిపోయేవాటికి లెక్కే లేదు. చనిపోతే మునిగిపోతుంది, సాక్ష్యం ఉండదు. 2022లో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయం మీదికి దృష్టి మళ్ళించింది.

ఒకప్పుడు ఈదేవాళ్ళు దాని రెక్క పట్టుకుని స్వారీ కూడా చేసేవారు. ఇప్పుడు చాలా దేశాల నియమాలు తాకటాన్ని నిషేధించాయి. పశువుల వీపులను మింబర్లుగా చేసుకోవద్దని, కష్టపడితే తప్ప చేరలేని ఊళ్ళకు చేర్చటానికే అల్లాహ్ వాటిని మీకు వశపరిచాడని ప్రవక్త (స) బోధించారు (అబూ దావూద్). ప్రయాణానికే పుట్టిన వాహనం వీపు మీద ఊరకే కూర్చోవటం తగనప్పుడు, వాహనమే కాని ప్రాణిని ఫొటో కోసం పట్టుకుని వ్రేలాడటాన్ని ఏమనాలి? చూడటం మంచిదే. సృష్టిని చూసి యోచించమని ఖుర్ఆన్ పదేపదే చెబుతోంది. చూపుకు హద్దు ఉండాలి. (చూడవచ్చేవారి బట్టల గురించీ, రిసార్టు దీవుల్లో విదేశీయులకు దొరికే మద్యం గురించీ వేరే చెప్పాలి. జనావాస దీవుల్లో మద్యం నిషిద్ధమన్న నియమాన్ని మాల్దీవుల వారు నిలబెట్టుకోవాలని మాత్రం ఇక్కడ అంటాను.)

అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్నను మన వాళ్ళు తక్కువగా అడుగుతారు. సముద్రంలో గీత గీసి ఇది రక్షిత ప్రాంతం అన్నప్పుడు, ఆ గీత లోపలికి ఎవరు వస్తారు, ఎవరు బయట ఉండిపోతారు? ఇస్లామీయ షరీఅత్‌లో దీనికి 'హిమా' అనే చక్కటి మూలం ఉంది. జాహిలియ్యత్ కాలంలో అరబ్బు సర్దారు ఒక గుట్ట మీద కుక్కను మొరిగించేవాడు. ఆ మొరుగు ఎంత దూరం వినిపిస్తే అంత మేరా అతని హిమా అయ్యేది. అక్కడ ఇతరుల పశువులు మేయకూడదు, అతనివి మాత్రం అందరి బీళ్ళలోనూ మేయవచ్చు. హదీసు వ్యాఖ్యాతలు ఈ సంగతి వ్రాశారు. దైవప్రవక్త (స) ఈ పద్ధతిని రద్దు చేశారు. అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప ఇంకెవరికీ హిమా లేదని ప్రకటించారు (బుఖారీ). ఆ తర్వాత హిమా అనేది సమాజం మేలు కోసం కేటాయించిన భూమిగా మారింది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో ఒక హిమాకు హునై అనే వ్యక్తిని కాపలాదారుగా నియమించారు. ఆయనకు ఇచ్చిన ఆదేశాలు సహీహ్ బుఖారీలో ఉన్నాయి. ప్రపంచంలోని ప్రతి పార్కు అధికారి గోడ మీద వ్రేలాడదీయవలసినంత విలువైనవవి. ముస్లిముల పట్ల మెత్తగా ఉండు, పీడితుని శాపానికి భయపడు, నాలుగు ఒంటెలూ నాలుగు మేకలూ ఉన్న చిన్నవాణ్ణి లోపలికి రానివ్వు, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్‌ల మందల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండు అన్నారు. కారణం కూడా చెప్పారు. వారి పశువులు చచ్చినా వారికి ఖర్జూరపు తోటలున్నాయి, పొలాలున్నాయి. ఈ పేదవాని పశువులు చస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని నా గుమ్మం ముందుకు వస్తాడు. అప్పుడు వాణ్ణి వదిలేయగలనా? వెండి బంగారాలు ఇవ్వటం కంటే నీరు, గడ్డి ఇవ్వటం నాకు తేలిక.

హజ్రత్ ఉస్మాన్ (రజి), హజ్రత్ అబ్దుర్రహ్మాన్ (రజి) ఎవరో మనకు తెలుసు. స్వర్గపు శుభవార్త అందుకున్నవారు. వారి ధర్మనిష్ఠ మీద సందేహంతో ఉమర్ (రజి) ఈ మాట అనలేదు. హిమాలో పెద్ద మంద చొరబడితే చిన్న మందకు గడ్డి మిగలదు. ఇది లెక్క.

ఇప్పుడు దక్షిణ అరి వంటి చోట్లకు ఈ లెక్క వర్తింపజేయండి. సొరచేపల వేటతో బ్రతికినవారి జీవనోపాధి 2010లో ఒక్క ఆజ్ఞతో పోయింది. ఆజ్ఞ సరైనదే కావచ్చు. వారి పిల్లల సంగతి ఎవరు చూడాలి? లక్షల డాలర్లలో ఆ దీవులలో ఉండే పడవ నడిపేవానికి, వంట చేసేవానికి, చేప జాడ చూపించే కుర్రవానికి ఎంత, రిసార్టు కంపెనీకి ఎంత? పేదవాని వలను బయట ఆపి, ధనికుని స్పీడు బోటును లోపలికి రానిస్తే దానికి ఎకో టూరిజం అని ఎంత అందమైన పేరు పెట్టినా అది ప్రవక్త (స) రద్దు చేసిన పాత హిమాయే. మొరిగే కుక్క స్థానంలో లైసెన్సు కాగితం వచ్చింది, అంతే తేడా.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. గుజరాత్ తీరంలో 1990లలో ఈ చేపలను పెద్ద ఎత్తున చంపి మాంసాన్ని విదేశాలకు ఎగుమతి చేసేవారు. గాలంతో పట్టిన చేప పారిపోకుండా బ్యారెళ్ళు కట్టేవారు గనుక దాని పేరే బ్యారెల్ అయిపోయింది. 2000లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ చిత్రం ఈ ఘోరాన్ని చూపింది. 2001లో భారత ప్రభుత్వం ఈ చేపను వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చింది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు గదా. 2004 నుంచి సాగిన ప్రచారంలో మొరారీ బాపు అనే రామకథా ప్రవచనకారుడు ఈ చేపను పుట్టింటికి కాన్పుకు వచ్చిన ఆడపడుచుతో పోల్చారు. ఆ తీరపు జాలరులలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. వందలాది చేపలను వారు తమ వలలు తామే కోసి వదిలేశారు. వివేకవంతమైన మాట విశ్వాసి పోగొట్టుకున్న సొత్తు, ఎక్కడ దొరికినా దానికి అతడే ఎక్కువ హక్కుదారుడన్న రివాయతు తిర్మిజీలో ఉంది. సనదు బలహీనమైనదే అయినా భావం సరైనదని ఉలమాలు అంటారు. మన ఖుత్బాలలో ఈ సంగతి ఎవరు చెప్పారు, ఎన్నిసార్లు చెప్పారు అని మనం మనల్ని అడుక్కోవాలి. సముద్రంలో, నేలమీద మనుషుల చేతులు సంపాదించిన దాని వల్లనే కల్లోలం పుట్టిందన్న ఆయతు (అర్రూమ్: 41) మన గ్రంథంలోనే ఉంది మరి.

మన తెలుగు తీరానికి కూడా ఈ అతిథి వస్తూనే ఉంటుంది. 2021 డిసెంబరులో విశాఖపట్నం సమీపంలోని తంతడి తీరంలో సుమారు రెండు టన్నుల తిమింగల సొర వలలో చిక్కితే జాలరులు, అటవీశాఖ వారు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. ఇలాంటి సందర్భంలో ఒక మసాయెల్ ప్రశ్న పుడుతుంది. వల కోసినవాని నష్టం ఎవరు భరించాలి? వల అతని జీవనాధారం, బహుశా అప్పు చేసి కొన్నది. చేపను వదలటం అందరి మేలు కోసం జరిగింది. అందరి మేలు కోసం ఒక్కడు నష్టపోతే ఆ భారం అందరిదీ అవుతుంది, బైతుల్ మాల్ ఉంటే దాని మీద, ప్రభుత్వ ఖజానా ఉంటే దాని మీద. ఒకరికి నష్టం కలిగించకూడదు, నష్టానికి బదులుగా నష్టమూ కలిగించకూడదన్న నబవీ సూత్రానికి ఇది తగినది. గుజరాత్‌లో వల ఖరీదు పరిహారంగా ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ సొమ్ము తీసుకోవటం జాలరికి హలాల్. అది లంచమూ కాదు, దానమూ కాదు. వల చిరిగినంత మేరకే అడగాలి, చిరగని వలకు లెక్క వ్రాయకూడదు. ఇవ్వవలసిన అధికారి మాత్రం అర్జీలు పట్టించుకోకుండా ఆ జాలరిని నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిప్పితే, హునైకి చెప్పిన పీడితుని శాపం మాట అతనికీ వర్తిస్తుంది.